గ్రామచరిత్రకు ఒక గది

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఇచట మాటలాడుమని కోరిన విషయము గ్రామచరిత్రను గూర్చినది. నాకు ముందు మాటలాడిన పెద్దలు త్రాగునీరు, పారిశుధ్యము, వీధి దీపములు, పంటకాలువల మరమ్మతులు మున్నగు విషయములను వివరించిరి. అవి అన్నియు నిత్యావసరములు. వాటి నడుమ పాత రాళ్లకు, తాళపత్రములకు, చిల్లుపడిన ఇత్తడి బిందెలకు చోటెక్కడిదని మీలో కొందరికి తోచవచ్చును. తోచుట సహజమే. ఆదాయము చాలని పంచాయతీ మురుగుకాలువ త్రవ్వించవలెనా, ప్రదర్శనశాల నెలకొల్పవలెనా అని అడిగినచో, ముందు మురుగుకాలువయే త్రవ్వించుడని నేనును చెప్పుదును. కాని ఆ కాలువ త్రవ్వునపుడు పలుగునకు చెక్కడపు రాయి తగిలినచో దానిని ఏమి చేయవలెనను ప్రశ్నకు గూడ మనయొద్ద సమాధానము ఉండవలెను. నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నను గూర్చియే.

తమ చరిత్రను వ్రాసి ఉంచుకొనుట మన గ్రామములకు క్రొత్త కాదు. పూర్వము కరణములు దండకవిలె అను పుస్తకమును నిర్వహించెడివారు. గ్రామము ఎట్లు ఏర్పడినది, దాని ఎల్లలు ఏవి, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి, మసీదుకు ఎవరు మాన్యమిచ్చిరి మొదలైన విషయములు అందు చేరెడివి. 19వ శతాబ్ది ప్రారంభమున కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశ చరిత్రకు సామగ్రి సేకరించినపుడు ఆయనకు ప్రధాన సహాయకులు ఏలూరువారైన కావలి సోదరులు. వారిలో బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణించెను. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వారును, వారి అనుచరులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, పెద్దలను అడిగి వ్రాసికొనిన వృత్తాంతములే నేడు మనము కైఫియత్తులు అని పిలుచునవి. వాటిలో అనేకము చెన్నపట్టణములోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. కొన్ని అచ్చుపడినవి. మీలో కొందరి గ్రామముల కైఫియత్తులు వాటిలో ఉండవచ్చును. రెండు వందల సంవత్సరముల క్రిందట మీ ఊరి పెద్దలు తమ ఊరిని గూర్చి ఏమి చెప్పిరో చదువుకొను భాగ్యము, ఎవరో ఒకరు శ్రమపడి వ్రాసికొనినందుననే గదా మనకు దక్కినది!

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణపు ఉద్యోగములు రద్దయినవి. ఆ మార్పు మంచిచెడ్డలు నేటి విషయము కాదు. కాని పాత కరణముల ఇండ్లలో అటకలపై మిగిలిన కాగితములు, తాళపత్రములు, పటములు ఇప్పుడు ఎవరి బాధ్యత? ఇల్లు పడగొట్టి మేడ కట్టునపుడు అవి చిత్తుకాగితముల క్రింద తూకమునకు పోవుచున్నవి. మిగిలినవి చెదలపాలగుచున్నవి. పూర్వము కరణము చేసిన పనిలో ఈ ఒక్క భాగమునైనను చేపట్టవలసిన సంస్థ గ్రామములో నేడు పంచాయతీయే.

శ్రద్ధ లేనిచో ఏమగునో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. అమరావతిని తలచుకొనుడు. రెండు వేల సంవత్సరముల నాటి మహాచైత్యము అచట దీపాలదిన్నె అను పేరుతో మట్టిదిబ్బగా నిలిచియుండెను. 18వ శతాబ్ది చివరి దశకమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసమును చింతపల్లి నుండి అమరావతికి మార్చుకొని నూతన పట్టణ నిర్మాణము ప్రారంభించినపుడు, ఇండ్లకు, కట్టడములకు రాయి కావలసివచ్చెను. దిబ్బలో చేతికందిన పాలరాతివంటి సున్నపురాళ్లను త్రవ్వి తీసిరి. కొన్ని గోడలకు, మెట్లకు పోయినవి. కొన్నింటిని కాల్చి సున్నము చేసిరి. ఆ దశకముననే మెకంజీ ఆ శిల్పములను చూచెను. 1816లో మరల వచ్చి బొమ్మలు వ్రాయించునప్పటికి దిబ్బ నడిమి భాగము చెరువుగా మారియుండెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరినవి. వాటిలో అనేకము 1859లో ఓడనెక్కి లండను పోయినవి. నేడు అమరావతి రైతుబిడ్డ తన ఊరి శిల్పములన్నియు చూడవలెనన్న, స్వగ్రామములోని ప్రదర్శనశాల చాలదు. చెన్నై పోవలెను. లండను గూడ పోవలెను.

ఇందు ఎవరిని నిందించవలెను? జమీందారు తన పట్టణము కట్టుకొనెను. కూలివాడు తన కూలి తీసికొనెను. రాయి మంచిదని ఇల్లు కట్టుకొనినవాడు కోరి చేసిన ద్రోహమేమియు లేదు. అది ఏమియో చెప్పువారు ఆనాడు ఊరిలో లేకపోవుటయే నష్టమునకు మూలము.

భట్టిప్రోలు కథ ఇంకను మనకు దగ్గరది. ఎందుకన అచట నష్టము జరిగినది రాజు కోటకొరకు గాదు, ప్రజోపయోగమైన పనులకొరకు. 19వ శతాబ్దిలో అచటి స్తూపపు ఇటుకలను, రాళ్లను రహదారి నిర్మాణమునకు, కాలువ పనులకు వాడుకొనిరి. నేడు మీరు తీర్మానించు పనులవంటివే అవి. 1892లో అలెగ్జాండర్ రీ అను పురాతత్త్వ శాఖాధికారి మిగిలిన దిబ్బను త్రవ్వగా, లోపల రాతి కరండములు, వాటిలో ధాతువులుంచిన స్ఫటికపు భరిణెలు, కరండములపై చెక్కిన బ్రాహ్మీ అక్షరములు బయటపడినవి. దక్షిణదేశమున లభించిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో అవి చేరినవి. రోడ్డు పనివారి పలుగు ఇంకను కొన్ని బారలు లోతునకు పోయియుండినచో ఆ అక్షరములు కంకర క్రింద కలిసిపోయెడివి.

ఆ అక్షరములలో ఏమి ఉన్నదో మీవంటివారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. వాటిలో కుబిరకుడను రాజు పేరున్నది. అంతకంటె విశేషము, గోష్ఠి అను సంఘమును, దాని సభ్యుల పేర్లను అందు చెక్కిరి. ఒక ఊరిలోని మనుష్యులు కలిసి సంఘముగా ఏర్పడి ఒక మంచిపనిని నెరవేర్చి తమ పేర్లు వ్రాయించుకొనిరి. రెండు వేల సంవత్సరములకు మించిన ఆ సభ్యుల పట్టిక, నేడు మీ పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రేలాడు సభ్యుల పట్టికకు పూర్వరూపమని నేను తలచుచుందును.

ఇక నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి శిథిలములు 1926లో వెలుగులోనికి వచ్చినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర్ ఆనకట్టకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 నుండి 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు సాగినవి. ముఖ్యమైన కట్టడములను విడదీసి, రాయికి రాయి గుర్తుపెట్టి, కొన్నింటిని కొండపైన, కొన్నింటిని ఎదుటి ఒడ్డున అనుపు వద్ద తిరిగి నిలిపిరి. కొండ ద్వీపమైనది. దానిపైని ప్రదర్శనశాలకు నేటికిని పడవమీదనే పోవలెను. మహాచైత్యమునకు దానము చేసిన చాంతిసిరి వంటి స్త్రీల పేర్లు ఆ శాసనములలో ఉన్నవి. సభ్యురాండ్రు ఎవరైన నాగార్జునసాగరము చూడబోయినపుడు ఆ రాళ్లయొద్ద తప్పక ఒక క్షణము నిలువవలెనని నా కోరిక.

అయితే ఆ ద్వీపమున నిలిచి చుట్టును నీటిని చూచినపుడు మరియొక ఆలోచన కలుగును. ఆ నీటి అడుగున ఇక్ష్వాకుల నగరము మాత్రమే గాదు, నిన్నమొన్నటివరకు మనుష్యులు కాపురమున్న పల్లెలును ఉన్నవి. వారి రచ్చకట్ట, వారి బొడ్రాయి, వారి పొలముల పేర్లు, వారి ఊరిదేవత జాతర మునిగినవి. మనము ప్రదర్శనశాలలో చూచునది ప్రధానముగా ప్రాచీన రాజుల కాలపు సంపద. అది అమూల్యమే. కాని లోయను విడిచి వచ్చిన రైతు మనుమడు తన తాత ఊరు ఎట్లుండెనో తెలిసికొనుటకు ఎక్కడికి పోవలెను? శ్రీశైలం ప్రాజెక్టు నిర్మాణకాలమున కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తెచ్చి నిలిపిరి. గుడి రాళ్లకు సంఖ్యలు వేయవచ్చును. వీధులకు, వాడుకలకు, మాటలకు సంఖ్యలు వేయువారెవరు? 2022లో ప్రారంభమైన మల్లన్నసాగరము క్రింద పల్లెలు పోయినవి. పోలవరము జలాశయ ప్రాంతమునుండి గిరిజన గ్రామములు తరలుచున్నవి. అట్టి ప్రాంతముల పంచాయతీ సభ్యులు ఎవరైన ఈ సభలో ఉన్నచో, వారితో నేను చేతులు జోడించి చెప్పునది ఒక్కటే. నష్టపరిహారపు పట్టికలో మీ ఇల్లు, పొలము, చెట్టు చేరును. మీ ఊరు చేరదు. దానిని మీరే వ్రాసికొనవలెను.

పల్లెవారికి ఇది సాధ్యమా అని సందేహింపవలదు. వేటపాలెము వైపు చూడుడు. 1918లో ఆ ఊరి యువకులు హిందూ యువజన సంఘము పక్షమున చిన్న గ్రంథాలయమును ప్రారంభించిరి. అదే సారస్వత నికేతనము. 1929లో దాని భవనమునకు గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పెద్ద పట్టణములలోని సంస్థలు పారవేసిన పాత పత్రికలను ఆ గ్రామమువారు సంవత్సరముల వారీగా కట్టి భద్రపరచిరి. నేడు తెలుగుదేశ చరిత్ర వ్రాయబూనినవారు దేశదేశములనుండి ఆ పల్లెకు వచ్చుచున్నారు. అచట మొదట ఉన్నది ధనము గాదు. కొందరి పట్టుదల, ఒక గది, ఒక బీరువా. అంతే.

ప్రదర్శనశాల గ్రామమునకు చేయు మేలు ఏమి? మూడు మాటలు మనవి చేసెదను.

మొదటిది, అది పూర్వుల అనుభవమును మన పనికి అందించును. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనమును చూడుడు. 1369లో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. దినమునకు వేయిమంది కూలీలు, వంద బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు శాసనమే చెప్పుచున్నది. అంతేగాక, మంచి చెరువునకు కావలసిన అంగములు పండ్రెండు, రాకూడని దోషములు ఆరు అని అందు లెక్కించిరి. నీటిశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, తీయని నీటి నది, సమీపమున రాతిగని, నేర్పరులైన పనివారు ఆ అంగములలో కొన్ని. కట్ట నీరూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట దోషములలో కొన్ని. చెరువుల పూడిక తీయించు పంచాయతీకి ఇంతకంటె మంచి పాఠము ఏది? సరిహద్దున చెరువు కట్టినచో తగవు తప్పదని ఆరువందల ఏండ్లకు పూర్వమే మనవారు అనుభవమున తెలిసికొనిరి. రెండు ఊళ్ల నడుమ నీటి తగాదా తీర్చిన సభ్యులకు ఆ మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవది, అది బడిపిల్లలకు చదువగును. అశోకుడు, అక్బరు, కృష్ణదేవరాయలు పుస్తకములో ఉందురు. తమ ఊరి చెరువుగట్టున నిలిచిన వీరగల్లు ఎవరిదో పిల్లలకు తెలియదు. పశువులను దొంగలనుండి కాపాడబోయి మరణించినవానికి ఊరివారు రాతిని నిలిపి గౌరవించిన ఆచారము మన దేశమున ఉండెడిది. అట్టి రాతిని చూపి పాఠము చెప్పిన ఉపాధ్యాయుని మాటను పిల్లవాడు మరువడు.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. సరిగా నడిపినచో అది ఊరిలోని అందరిదిగా ఉండును. సరిగా నడుపనిచో ఒక వర్గపు గొప్పలకు వేదికయై కొత్త తగవులు తెచ్చును. చరిత్ర అనగా దొరల కత్తులు, గడీల తలుపులు మాత్రమే గాదు. కుమ్మరి సారె, సాలె మగ్గము, మంగలి పొది, చెప్పులు కుట్టు ఆరె, డప్పు, గీత కార్మికుని మోకు, మంత్రసాని నేర్పు, నాట్లువేయు స్త్రీల పాటలు, ఇవి అన్నియు చరిత్రయే. తెలంగాణములో పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, మాదిగలకు జాంబ పురాణము చెప్పు డక్కలివారు, రజకులకు మడేలు పురాణము చెప్పు పటమువారు తరతరములుగా బొమ్మల పటములతో ఊరూర తిరిగినవారు. పుస్తకములకెక్కని ఎందరో తమ పుట్టుపూర్వోత్తరములను ఆ పటములలోనే భద్రపరచుకొనిరి. అట్టి పటము ఒకటి చిరిగిపోయినచో ఒక కులమువారి చరిత్ర పుస్తకము కాలిపోయినట్లే. ప్రదర్శనశాల సంఘములో అన్ని వాడలవారు, స్త్రీలు తప్పక ఉండవలెను. ఏ వస్తువు ప్రక్కన ఏ మాట వ్రాయవలెనో ఆ వస్తువు వాడినవారిని అడిగి వ్రాయవలెను.

ఈ విషయమున నేను కన్న ఒక సంగతి చెప్పెదను. ఒక గ్రామమున చెరువు రేవులో చాకలివారు బట్టలుతుకు బండపై అక్షరములున్నట్లు బడి పంతులుగారు కనుగొనిరి. ఆ రాతిని ఎవరో ఎన్నడో శిథిలమైన గుడినుండి తెచ్చి అచట వేసియుందురు. సర్పంచిగారు సంతోషించి, మరునాడే దానిని పంచాయతీ కార్యాలయమునకు తరలింపవలెనని నలుగురు మనుష్యులతో రేవునకు పోయిరి. అచట బట్టలుతుకుచున్న వృద్ధురాలు లేచి నిలిచి ఇట్లనెను: "తీసుకుపో నాయనా, కాదనను. మా అత్త ఉతికింది, నేనుతికాను, నా కోడలు ఉతుకుతున్నది. దానిమీద రాతలున్నాయని మాకెవరూ చెప్పలేదు. మరి రేపటినుంచి బట్టలు దేనిమీద ఉతకమంటావు?"

సర్పంచిగారు ఒక నిమిషము మాటలాడలేదు. పిమ్మట, "నీ మాట నిజమే పెద్దమ్మా. ముందు నీకు బండ వేయించి, ఆ తరువాతనే దీనిని ముట్టెదము" అని తిరిగి వచ్చిరి. పంచాయతీ తీర్మానము చేసి రేవులో రెండు క్రొత్త రాతిబండలు వేయించిరి. పురావస్తు శాఖవారికి వ్రాసి, వారు వచ్చి అచ్చు తీసికొనిన తరువాత వారి సలహాపైననే రాతిని కార్యాలయపు అరుగుపై నిలిపిరి. దాని ప్రక్క పలకపై శాసనపు సారాంశమును వ్రాసి, క్రింద మరియొక వాక్యము చేర్చిరి: ఈ రాయి మూడు తరములపాటు ఈ గ్రామ రజక స్త్రీలచే ఉపయోగింపబడినది. ఆ వృద్ధురాలి మనుమరాలు దానిని చదివి వినిపించినదట. నా దృష్టిలో ఆ అరుగు గొప్ప ప్రదర్శనశాల.

ఇక చేయవలసిన పనులను గూర్చి. మొదట పెద్ద భవనము కట్టుటకు తొందరపడవలదు. పంచాయతీ కార్యాలయములోగాని, గ్రంథాలయములోగాని, బడిలోగాని తాళము వేయదగిన ఒక గది చాలును. వాన కురియకుండ, చెద పట్టకుండ చూచుకొనవలెను. గదికంటె ముందు ఒక పుస్తకము తెరువవలెను. ప్రతి వస్తువునకు ఒక సంఖ్య వేసి, అది ఏమి, ఎక్కడ దొరికినది, ఎవరిచ్చిరి, ఏ తేదీన ఇచ్చిరి, దానమా లేక చూపుటకు మాత్రమే ఇచ్చినదా అను విషయములను వ్రాసి, ఇచ్చినవారికి రసీదు ఇవ్వవలెను. రసీదు లేని ప్రదర్శనశాలకు రెండవసారి ఎవరును వస్తువు ఇవ్వరు. ఎక్కడ దొరికినదో వ్రాయని వస్తువు సగము మూగది.

శాసనములకు సున్నము, రంగు పూయరాదు. అక్షరములు స్పష్టముగ కనబడునని ఉలితో చెక్కుట, గీకుట మహాపరాధము. స్వస్థానములో నిలిచియున్న రాతిని కదలింపరాదు, చుట్టును గట్టు కట్టించిన చాలును. ఫోటో తీసి శాఖవారికి పంపినచో వారు చదివి చెప్పుదురు. తాళపత్రములను తడి తగులనిచోట, శుభ్రమైన గుడ్డలో చుట్టి, రెండు చెక్కల నడుమ కట్టి ఉంచవలెను. మన పెద్దలు పురుగు పట్టకుండ వసకొమ్ము, వేపాకు మూటలు పెట్టెడివారు. పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె పూయు పద్ధతి కలదు గాని, దానిని తెలిసినవారిచేతనే చేయింపవలెను. వృద్ధులు చెప్పు మాటలను నేడు చేతిలోని ఫోనుతోనే రికార్డు చేయవచ్చును. చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ వ్రాయవలెను. వారి అనుమతి తీసికొనవలెను. తొంబది ఏండ్ల తాత జ్ఞాపకమునకు వచ్చే సంవత్సరపు బడ్జెటువరకు గడువు ఉండకపోవచ్చును. కావున ఈ పని రేపే ప్రారంభింపదగినది.

చట్టములను గూర్చియు మూడు మాటలు. భూమిలో దాగియుండి దొరికిన నిధి రూ. 10 లకు మించిన విలువ గలదైనచో, దొరికినవారు జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము విధించుచున్నది. చెప్పినవానికి చట్టము న్యాయమే చేయును. దాచినవాడు తన భాగమును పోగొట్టుకొనుటయే గాక శిక్షార్హుడగును. ఉపాధి పనులలో మట్టి తీయుచు కుండెడు నాణెములు చూచిన కూలీలకు ఈ సంగతి ముందుగనే తెలిసియుండవలెను. రెండవది, 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము ప్రకారము అనుమతి పత్రము లేక పురావస్తువుల వ్యాపారము చేయరాదు, వ్యక్తులు వాటిని విదేశములకు పంపరాదు. పాత విగ్రహమునకు ధరకట్టుచు ఊరికి కారులో వచ్చిన అపరిచితుని గూర్చి పోలీసులకు తెలుపుట మీ విధి. గుడి విగ్రహముల ఫోటోలు, కొలతలు మీ పుస్తకములో ఉన్నచో, దొంగిలింపబడినపుడు అవే సాక్ష్యము. మూడవది, కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న కట్టడమునకు 100 మీటర్లలోపు కొత్త కట్టడములు నిషిద్ధములు. ఆపైన మరి 200 మీటర్లు నియంత్రణకు లోబడినవి. ఇండ్ల అనుమతి కాగితముపై సంతకము చేయు ముందు ఈ కొలత గుర్తుంచుకొనుడు.

ఇది పంచాయతీ పనియేనా అను సంశయము వలదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు, సామూహిక ఆస్తుల నిర్వహణ ఆ పట్టికలోనివే.

సభ్యులారా! మీ పదవీకాలము ఐదేండ్లు. మీరు వేసిన రోడ్డు పది పదునైదేండ్లకు మరల వేయవలసివచ్చును. అది రోడ్డు స్వభావము, మీ లోపము కాదు. కాని మీరు ఒక పుస్తకము తెరచి, మీ ఊరి పొలముల పేర్లు, చెరువు చరిత్ర, వాడవాడల పనిముట్లు, ముసలివారి మాటలు అందు చేర్చినచో, నూరేండ్ల తరువాత మీ ఊరి బిడ్డ ఎవరో దానిని విప్పి చదువును. భట్టిప్రోలు గోష్ఠి సభ్యుల పేర్లను మనము నేడు చదువుచున్నట్లే.

ఈ సమావేశమునుండి ఇండ్లకు పోయిన పిమ్మట మీరు చేయవలసినది చిన్నపని. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఒక అంశమును చేర్పించుడు: గ్రామచరిత్ర పుస్తకము ప్రారంభించుట, దానికి ఒక సంఘము ఏర్పరచుట. సంఘమున ఐదుగురు చాలుదురు. వారిలో ఒకరు బడి పంతులు, ఒకరు ఊరిలో అందరికంటె వృద్ధురాలు కావలెనని నా మనవి. ఆ రోజుననే మొదటి పుటలో మొదటి వస్తువును ఎక్కించుడు. అది పగిలిన కుండయైనను సరియే. దొరికిన చోటు మాత్రము వ్రాయుట మరువకుడు.